మాధ్యమ విద్యార్థుల ఆన్‌లైన్ వనరులు: అనకాపల్లి జిల్లా నుంచి ఒక పరిశీలన

పత్రికా రచన, రేడియో, టెలివిజన్, సినిమా, ప్రకటనలు, ప్రజాసంబంధాలు, డిజిటల్ మాధ్యమాలు చదువుకునేవారికి ఇంటర్నెట్‌లో పాఠాలు, పుస్తకాలు, పరిశోధన పత్రికలు, పాత దినపత్రికల ప్రతులు, పరిశ్రమ లెక్కలు, చట్టాలు, పని సాధనాలు దొరుకుతాయి. ఇవన్నీ మాధ్యమ విద్యార్థుల ఆన్‌లైన్ వనరులు. వీటిలో కొన్ని ఎవరైనా తెరవగలిగేవి, కొన్ని కళాశాల ఇచ్చే తాళంచెవి ఉంటేనే తెరుచుకునేవి, కొన్ని డబ్బు కడితే వచ్చేవి.

ఈ వ్యాసం ఆ వనరులను అనకాపల్లి జిల్లా విద్యార్థి అవసరాల కోణంలో పరిచయం చేస్తుంది. అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. అంతకుముందు ఇది విశాఖపట్నం జిల్లాలో భాగం. జర్నలిజంలో పీజీ చేయాలనుకునే ఇక్కడి విద్యార్థి సాధారణంగా మొదట చూసేది సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు. తెలుగు పత్రికారంగాన్ని మార్చిన ఈనాడు 1974 ఆగస్టు 10న మొదలైంది కూడా విశాఖపట్నంలోనే. అంటే పరిశ్రమ పక్కనే పుట్టింది. పాఠ్య సామగ్రి మాత్రం ఎక్కువగా ఢిల్లీ, గాంధీనగర్, ఖరగ్‌పూర్, ఆస్టిన్ నగరాల సర్వర్లలో ఉంది.

పరిధి

మాస్ కమ్యూనికేషన్ అన్నది చదువు పేరు, మీడియా పరిశ్రమ అన్నది ఆ చదువు చేరే చోటు. మొదటిదానికి సిద్ధాంతం, చరిత్ర, పరిశోధన పద్ధతులు కావాలి. రెండోదానికి సర్క్యులేషన్, రేటింగులు, ప్రకటనల ధరలు, యాజమాన్యాల వివరాలు కావాలి. ఈ రెంటికీ వనరులు వేర్వేరు చోట్ల ఉంటాయి. యూజీసీ నెట్ పరీక్షలో ఈ సబ్జెక్టు కోడ్ 63. ఆ సిలబస్‌లోని పది యూనిట్లను ముందు పెట్టుకుంటే ఏది ఎందుకు వెతకాలో కొంత తెలుస్తుంది. భాషా సబ్జెక్టులు తప్ప మిగతా నెట్ ప్రశ్నపత్రాలు ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తాయి. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివి వచ్చినవారికి మొదటి అడ్డంకి ఇక్కడే ఎదురవుతుంది.

పూర్వ చరిత్ర

దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. హిందూ దినపత్రిక ఆ ఏడాదే వెబ్‌లోకి వెళ్లింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ తన తరగతి పాఠాలను అందరికీ తెరుస్తానని 2001లో ప్రకటించింది. తర్వాత ఆ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో తులనాత్మక మాధ్యమ అధ్యయనాల కోర్సులు కూడా చేరాయి. 2012లో కోర్సెరా, ఎడెక్స్ వచ్చాయి. అదే ఏడాది ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన నైట్ సెంటర్ పాత్రికేయులకు సామూహిక ఆన్‌లైన్ కోర్సులు మొదలుపెట్టింది.

తెలుగువైపు కథ వేరే దారిలో నడిచింది. ఇక్కడ ముందు వచ్చింది పాఠం కాదు, పుస్తకం. చిత్తూరు జిల్లాలో పుట్టి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాజ్‌రెడ్డి చొరవతో నడిచిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో, దాని భారతీయ శాఖ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది తెలుగు పుస్తకాలు స్కానయ్యాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. జర్నలిజం బోధన అంతకు చాలా ముందే, 1954లో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మొదలైనా, ఆ బోధన తెలుగులో ఆన్‌లైన్‌కు చేరింది తక్కువ.

కోర్సులు, పాఠాలు

కేంద్ర ప్రభుత్వ వేదిక స్వయం 2017 జులై 9న ప్రారంభమైంది. ఒక్కో కోర్సులో నాలుగు భాగాలుంటాయి: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, స్వీయ పరీక్ష, సందేహాల చర్చ. చేరడం ఉచితం, ధ్రువపత్రం కోసం రాసే పరీక్షకు రుసుము ఉంటుంది. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో 40 శాతం వరకు క్రెడిట్లను ఈ కోర్సుల ద్వారా తెచ్చుకోవచ్చు. విద్యార్థి చదివే సంస్థ ఆ కోర్సును ఒప్పుకోవాలి. కాబట్టి కోర్సులో చేరకముందే శాఖాధిపతిని అడగడం మంచిది. మాధ్యమ కోర్సులను ఎక్కువగా కన్సార్షియం ఫర్ ఎడ్యుకేషనల్ కమ్యూనికేషన్, ఇగ్నో, యూజీసీ సమన్వయం చేస్తాయి. ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్లకు స్వయంప్రభ డీటీహెచ్ చానళ్లు ఉన్నాయి.

ఈ-పీజీ పాఠశాల ఇంకా తేలిక. పీజీ స్థాయి పాఠాలను అధ్యాయాలవారీగా ఉంచారు. మాధ్యమ అధ్యయనాలకు ప్రత్యేక విభాగం ఉంది. లాగిన్ అక్కర్లేదు. ఇగ్నో పాఠ్యపుస్తకాలు ఈజ్ఞాన్‌కోశ్‌లో యూనిట్లుగా దొరుకుతాయి. దూరవిద్య కోసం రాసినవి కాబట్టి గురువు పక్కన లేకపోయినా అర్థమవుతాయి. మొదటి ఏడాది విద్యార్థి దేనితో మొదలుపెట్టాలంటే వీటితోనే మొదలుపెట్టాలి. పాత బ్లాకుల్లో సాంకేతిక పరిజ్ఞానం, మార్కెట్ లెక్కలు కాలం చెల్లినవి. కమ్యూనికేషన్ సిద్ధాంతాలు, పత్రికా చరిత్ర, రేడియో స్క్రిప్టు రాయడం వంటి పాఠాలు మాత్రం ఇప్పటికీ పనికొస్తాయి.

విదేశీ కోర్సుల్లో పాత్రికేయులకు నేరుగా పనికొచ్చేవి నైట్ సెంటర్‌వి. వాటిలో డేటా జర్నలిజం, ఎన్నికల వార్తలు, నిజనిర్ధారణ అంశాలుంటాయి. పాయింటర్ సంస్థ నడిపే న్యూస్ యూనివర్సిటీ 2005 నుంచి ఉంది. వార్తను పాఠకుడిగా ఎలా తూచాలో నేర్పే కోర్సును హాంకాంగ్ విశ్వవిద్యాలయం, స్టోనీ బ్రూక్ కలిసి కోర్సెరాలో పెట్టాయి. ఉదాహరణలు అమెరికావి అయినా పద్ధతి అనకాపల్లిలోనూ పనిచేస్తుంది.

ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ 1965 ఆగస్టు 17న ఢిల్లీలో మొదలై 2024లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. దాని ప్రాంతీయ ప్రాంగణాలు ధెంకనాల్, ఐజ్వాల్, జమ్ము, కొట్టాయం, అమరావతిలలో ఉన్నాయి. ఇక్కడ అమరావతి అంటే మహారాష్ట్రలోది. పేరు చూసి దరఖాస్తు చేసేవారు గమనించాలి.

పత్రికలు సొంతంగా నడిపే జర్నలిజం పాఠశాలల ప్రకటనలు, దరఖాస్తులు వాటి వెబ్‌సైట్లలో వస్తాయి. ప్రవేశ పరీక్షల్లో తెలుగు రాతకు, ఇంగ్లిష్ నుంచి అనువాదానికి, వర్తమాన వ్యవహారాలకు ప్రాధాన్యం ఉంటుంది. దీనికి సాధన చేయడానికి ప్రత్యేక కోర్సు అక్కర్లేదు. ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో రోజూ ప్రకటనలను ఇంగ్లిష్‌లోనూ, వాటిలో చాలావాటిని తెలుగులోనూ విడుదల చేస్తుంది. ఇంగ్లిష్ ప్రకటనను ముందు సొంతంగా అనువదించి, తర్వాత బ్యూరోవారి తెలుగుతో పోల్చుకోవాలి. చాలాసార్లు బ్యూరో తెలుగు కృతకంగా ఉంటుంది. దాన్ని డెస్క్‌లో పనిచేసే ఉపసంపాదకుడిలా తిరగరాయడమే అసలైన అభ్యాసం.

పుస్తకాలు, పరిశోధన పత్రికలు

తాళం లేని పుస్తకాల్లో ముందు చెప్పుకోదగినది మిన్నెసోటా విశ్వవిద్యాలయం ప్రచురించిన 'అండర్‌స్టాండింగ్ మీడియా అండ్ కల్చర్' అనే ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం. దాన్ని ఉచితంగా దింపుకోవచ్చు. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు. ఇది పుస్తకాల గోదాం కంటే ఎక్కువగా సూచికలా పనిచేస్తుంది. వెతికినదాన్ని అది అసలు ఉన్న చోటికి పంపుతుంది.

పరిశోధన గ్రంథాలకు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధ్‌గంగ ఉంది. దేశంలోని విశ్వవిద్యాలయాలు ఆమోదించిన పీహెచ్‌డీ గ్రంథాలను అధ్యాయాలవారీగా ఇక్కడ ఉంచుతారు. తెలుగు పత్రికలు, తెలుగు టీవీ వార్తలు, సముదాయ రేడియోలపై జరిగిన పరిశోధనలు ఇందులో వెతకవచ్చు. విద్యార్థికి వీటి ఉపయోగం రెండు రకాలు: అంశం గురించి తెలుసుకోవడం ఒకటి, పరిశోధనలో ఏ ప్రశ్నలు అప్పటికే అడిగేశారో చూసుకోవడం రెండోది. వాటి నాణ్యత ఒకేలా ఉండదు. ప్రశ్నావళికి జవాబిచ్చిన వందమంది ఎవరు, ఎలా ఎంపికయ్యారో చెప్పని గ్రంథాన్ని ఆధారంగా తీసుకోకూడదు.

'జర్నలిజం', 'న్యూ మీడియా అండ్ సొసైటీ', 'మీడియా, కల్చర్ అండ్ సొసైటీ' వంటి అంతర్జాతీయ పత్రికలు సేజ్ ప్రచురణలు. 'జర్నలిజం స్టడీస్', 'ఏషియన్ జర్నల్ ఆఫ్ కమ్యూనికేషన్' టేలర్ అండ్ ఫ్రాన్సిస్‌వి. ఒక్క వ్యాసం కొనాలన్నా విద్యార్థికి భారమే. ఒకే దేశం ఒకే చందా పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కేటాయింపు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు దీనిలోకి వస్తాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలోని ఉన్నత విద్యాసంస్థలకే తొలి దశ వర్తిస్తుంది. విశ్వవిద్యాలయ విద్యార్థికి ఇది అందుతుంది. పక్క వీధిలోని ప్రైవేటు డిగ్రీ కళాశాల విద్యార్థికి అందదు. అర్హత ఉన్న కళాశాలలకు ఎన్-లిస్ట్ అనే మరో పథకం ఉంది. కళాశాల సభ్యత్వం తీసుకుంటే విద్యార్థికి విడిగా యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తారు. చాలామంది విద్యార్థులకు తమ కళాశాల సభ్యత్వం సంగతే తెలియదు. గ్రంథపాలకుడిని అడగడంతో పని అయిపోతుంది.

ఏ తాళంచెవీ లేనివారికి డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ ఉంది. రచయితకు మర్యాదగా ఈమెయిల్ రాస్తే వ్యాసం పంపడం కూడా పరిశోధకుల్లో మామూలే.

పాత పత్రికల భాండాగారాలు

తెలుగు మాధ్యమ విద్యార్థికి ఆన్‌లైన్‌లో అన్నిటికన్నా గట్టి ఆస్తి ఇదే. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. ఆయనే 1924లో భారతి తెచ్చారు. మచిలీపట్నంలో కృష్ణాపత్రిక 1902లో, హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక 1926లో మొదలయ్యాయి. 1996లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఇలాంటి పాత పత్రికల సంచికలను స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టింది. తర్వాత ఆ సంస్థకు విశాలాంధ్ర సంపాదకుడిగా సుదీర్ఘకాలం పనిచేసిన సి.రాఘవాచారి పేరు పెట్టారు. తెలంగాణలో మీడియా అకాడమీ విడిగా ఉంది.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అసలు సైటు మూతపడినా, దాని పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. అక్కడ వెతకడం ఒక విద్య. తెలుగు పేర్లను ఎవరికి తోచినట్టు వారు ఇంగ్లిష్ అక్షరాల్లో నమోదు చేశారు. 'ఆంధ్ర' అన్న మాటకే రకరకాల స్పెల్లింగులు కనిపిస్తాయి. ఒకే పుస్తకం మూడు పేర్లతో ఉండవచ్చు. రచయిత పేరు గడిలో ముద్రాపకుడి పేరు ఉండవచ్చు. పేరుతో దొరక్కపోతే ప్రచురణ సంవత్సరంతో, అదీ కాకపోతే అచ్చయిన ఊరి పేరుతో ప్రయత్నించాలి.

అనకాపల్లి గురించి పాతది వెతికేవారికి మరో చిక్కుంది. ఇంగ్లిష్‌లో ఈ ఊరి పేరు చివరి అక్షరం ఒకచోట 'ఇ', మరోచోట 'ఐ', ఇంకోచోట 'వై'. రైల్వే స్టేషన్ పేరు ఒకలా, జిల్లా పేరు మరొకలా ఉంటాయి. బ్రిటిష్ కాలపు పత్రాల్లో విశాఖపట్నం 'వైజాగపటమ్'. డబ్ల్యు.ఫ్రాన్సిస్ రాసిన వైజాగపటమ్ జిల్లా గెజిటీర్ 1907లో అచ్చయింది. శంకరం దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండ బౌద్ధ అవశేషాలను అలెగ్జాండర్ రే తవ్వించింది కూడా ఆ దశాబ్దంలోనే. స్థానిక చరిత్రపై ఫీచర్ రాసే విద్యార్థికి ఇవి మొదటి ఆధారాలు. గైడు చెప్పిన కథ వీటి తర్వాతే.

లిపి, శోధన

తెలుగు ఆన్‌లైన్ వనరుల్లో సగం బాధ లిపిది. కంప్యూటర్లలో తెలుగుకు యూనికోడ్‌లో 128 స్థానాల గడి 1991 నుంచి ఉంది. కానీ పత్రికల డెస్కులు, డీటీపీ కేంద్రాలు సొంత ఫాంట్లతో నడిచాయి. అను ఫాంట్లు ఇప్పటికీ అచ్చు పనిలో ఉన్నాయి. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చారు. తలకట్టు ఒకచోట, గుడి మరోచోట. తెర మీద తెలుగులా కనిపించేది కంప్యూటర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల వరుస. అందుకే ఆ కాలపు వార్తలు శోధన యంత్రాలకు అందలేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు వెన్న నాగార్జున తయారుచేసిన 'పద్మ' పొడిగింపు అలాంటి పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. తర్వాత పత్రికల వెబ్‌సైట్లే యూనికోడ్‌కు మారాయి.

సమస్య అంతటితో తీరలేదు. ఇ-పేపర్ పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి ప్రాజెక్టు ఫైల్లో అతికిస్తే, చాలాసార్లు తెలుగు బదులు గజిబిజి వస్తుంది. స్కాన్ చేసిన పాత పుటల్లో అసలు అక్షరాలే ఉండవు, అవి బొమ్మలు. వీటికి మందు బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే ఓసీఆర్. గూగుల్ డ్రైవ్‌లో బొమ్మను ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు పాఠం బయటికి వస్తుంది. ఉచిత సాఫ్ట్‌వేర్ టెస్సరాక్ట్‌కూ తెలుగు వచ్చు. అచ్చు బాగుంటే ఫలితం బాగుంటుంది. 1930ల నాటి చెదలు పట్టిన ప్రతిలో 'ప', 'వ' ఒకదానికొకటి మారిపోతాయి, తలకట్లు ఎగిరిపోతాయి. ఓసీఆర్ పాఠాన్ని అసలు పుటతో సరిచూడకుండా ఉటంకించకూడదు.

టైపింగ్‌కు లేఖిని, గూగుల్ ఇన్‌పుట్ వంటి పరికరాలు, ఫోన్లలోని తెలుగు కీబోర్డులు సరిపోతాయి. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. గురజాడ పేరున్న ఫాంటుతో అనకాపల్లి విద్యార్థి వార్త రాస్తే అది పొరుగింటి పేరే: గురజాడ అప్పారావు 1862లో పుట్టిన రాయవరం ఇప్పుడు ఈ జిల్లాలోనిదే.

నిఘంటువులు, భాషా సాధనాలు

ఆంధ్రభారతి నిఘంటు శోధన అనేక తెలుగు నిఘంటువులను ఒక్కచోట వెతికిస్తుంది. డెస్క్‌లో పనిచేయబోయేవారు బ్రౌజర్‌లో దీన్ని ఎప్పుడూ తెరిచి ఉంచుకోవడం మేలు. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువును, 1991 నాటి గ్విన్ నిఘంటువును చికాగో విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉంచింది. బ్రౌన్ పాత వాడుకకు, గ్విన్ ఆధునిక వాడుకకు మంచివి. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటి వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. చెరకు, గానుగ, బెల్లం మీద వార్త రాసే విలేకరికి రైతు నోటి మాటను అర్థం చేసుకోవడానికి ఇది పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ భాషిణి వేదిక 2022లో మొదలైంది. అనువాదం, మాటను రాతగా మార్చడం అందులో ఉన్నాయి. ఇంటర్వ్యూ రికార్డింగును రాతలోకి దించుకోవడానికి ఇలాంటి సాధనాలు సాయపడతాయి. ఉత్తరాంధ్ర యాస దగ్గర మాత్రం తడబడతాయి కాబట్టి చెవితో సరిచూడాల్సిందే.

పరిశ్రమ లెక్కలు

పత్రికల రిజిస్ట్రార్ కార్యాలయం 1956లో ఏర్పడింది. 2023 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం 2024 మార్చి 1న అమల్లోకి వచ్చాక పత్రిక పేరు నమోదు ప్రెస్ సేవా పోర్టల్ ద్వారా జరుగుతోంది. ఫలానా పేరు ఎవరి దగ్గరుందో ఎవరైనా వెతకవచ్చు. ఆ కార్యాలయం వార్షిక నివేదికలో కనిపించే సర్క్యులేషన్ ప్రచురణకర్తలు స్వయంగా చెప్పుకున్నది. ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ (1948) ఆరు నెలలకోసారి ఇచ్చేది తనిఖీ చేసిన లెక్క. ఈ రెంటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి పోల్చడం విద్యార్థుల ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే పొరపాటు.

టీవీ వీక్షణను లెక్కించే బార్క్ ఇండియా వారంవారం కొద్దిపాటి సమాచారం బయటపెడుతుంది. తెలుగు చానళ్లకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒకే మార్కెట్. వార్తా చానళ్ల రేటింగులు 2020 అక్టోబరు నుంచి 2022 మార్చి వరకు నిలిచిపోయాయి. ఆ కాలానికి పట్టికలో ఖాళీ ఉండటం విద్యార్థి తప్పు కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ త్రైమాసిక నివేదికలు కేబుల్, డీటీహెచ్, ఎఫ్‌ఎం లెక్కలిస్తాయి. సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్ సైటులో ప్రభుత్వ ప్రకటనల ధరలు, జాబితాలోని పత్రికలు కనిపిస్తాయి. ఏటా మార్చి ప్రాంతంలో వచ్చే ఫిక్కి-ఈవై నివేదిక పరిశ్రమ మొత్తం ఆదాయాన్ని అంచనా వేస్తుంది. 2024లో డిజిటల్ మాధ్యమం ఆదాయంలో టీవీని మించిందని ఆ నివేదిక లెక్కగట్టింది.

ఆక్స్‌ఫర్డ్‌లోని రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ డిజిటల్ న్యూస్ రిపోర్టులో భారత్ 2021 నుంచి ఉంది. అది ఇంగ్లిష్ తెలిసిన ఆన్‌లైన్ పాఠకులను అడిగిన సర్వే. తెలుగు పాఠకుల అలవాట్లకు దాన్ని సాక్ష్యంగా చూపడం సరికాదు.

ప్రభుత్వ సమాచారం, స్థానిక వార్త

అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. పట్టణంలో 1913 నుంచి చెరకు పరిశోధన కేంద్రం ఉంది. జర్నలిజం విద్యార్థి ఆన్‌లైన్ సమాచారంతో పనిచేయడం ఎలాగో చూపడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

మార్కెట్‌లో బెల్లం దిమ్మల ధర ఇవాళ ఎంత అన్నది యార్డుకు వెళ్లి వ్యాపారిని అడిగితే తెలుస్తుంది. అది సంక్షిప్త వార్త. ధర గత ఏడాది ఇదే వారంలో ఎంత, సరుకు రాక ఎంత, చెరకు సాగు విస్తీర్ణం పెరిగిందా తగ్గిందా అన్నది చేరిస్తే కథనం. దేశంలోని మార్కెట్ ధరలకు కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్ ఉంది. సాగు విస్తీర్ణానికి రాష్ట్ర అర్థగణాంక శాఖ జిల్లా గణాంక దర్శినులు ఉన్నాయి. పార్లమెంటులో చక్కెర, బెల్లంపై అడిగిన ప్రశ్నలకు మంత్రుల జవాబులు పార్లమెంటు సైటులో ఉంటాయి. ఈ మూడింటినీ చూశాక యార్డుకు వెళ్తే అడిగే ప్రశ్నలే మారతాయి. 'ధర బాగుందా?' అని అడగరు. 'సరుకు తగ్గినా ధర ఎందుకు పెరగలేదు?' అని అడుగుతారు. పోర్టల్‌లోని ధర, యార్డులో రైతు చేతికి వచ్చిన ధర ఒకటి కాకపోతే ఆ తేడాయే వార్త.

పరిశ్రమల వైపు అచ్యుతాపురం సెజ్ ఉంది. 2024 ఆగస్టు 21న అక్కడి ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. ఇలాంటి ఘటనల తరువాతి కథను అనుసరించాలంటే ప్రభుత్వ ఉత్తర్వులు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో జీఓలను ఆన్‌లైన్‌లో పెట్టడం 2021 ఆగస్టులో ఆగిపోయి, ప్రభుత్వం మారాక 2024లో మళ్లీ మొదలైంది. ఆ మధ్యకాలపు పరిపాలనపై పరిశోధన చేసేవారు ఈ విరామాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

సైటులో లేనిది సమాచార హక్కు చట్టం (2005) కింద అడగవచ్చు. కేంద్ర శాఖలకు 2013 నుంచి ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, రుసుము 10 రూపాయలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని వ్యక్తిగత సమాచార నిబంధనను సవరించింది. పాత పాఠ్యపుస్తకాల్లోని వివరణను ఇండియా కోడ్ సైటులోని చట్టపాఠంతో సరిచూసుకోవాలి. అభ్యర్థుల అఫిడవిట్లు ఎన్నికల సంఘం సైటులో, వాటి సారాంశాలు ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం నడిపే మైనేతలో ఉంటాయి.

నిజనిర్ధారణ

హైదరాబాదు కేంద్రంగా ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ తెలుగులో నిజనిర్ధారణ కథనాలు ఇస్తున్నాయి. వాటిని తీర్పు కోసం మాత్రమే చదవకూడదు. ఫొటో మొదట ఎక్కడ కనిపించిందో, వీడియోలోని సైన్‌బోర్డు ఏ భాషలో ఉందో వారు పట్టుకున్న తీరే పాఠం. ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో నిజనిర్ధారణ విభాగం 2019లో మొదలైంది. అది ప్రభుత్వ విభాగం, కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన ప్రచారాలనే చూస్తుంది. యునెస్కో 2018లో తెచ్చిన తప్పుడు సమాచార చేతిపుస్తకం ఉచితం. సాధనాలుగా గూగుల్ లెన్స్, టిన్‌ఐ, ఇన్‌విడ్, పాత వెబ్ పుటలకు వేబ్యాక్ మెషిన్ సరిపోతాయి.

శ్రవణ, దృశ్య వనరులు

విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963 నుంచి ఉంది. ప్రాంతీయ వార్తలు న్యూస్ఆన్ఎయిర్‌లో వినవచ్చు. రేడియో వార్త రాయడం నేర్చుకోవడానికి ఒక బులెటిన్‌ను విని, వాక్యాలు రాసుకుని, ఒక్కో వాక్యంలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టడం పాత పద్ధతే. ఇప్పటికీ దానికి మించినది లేదు. సముదాయ రేడియో చదివేవారికి హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని యునెస్కో పీఠం ప్రచురణలు, 2008 అక్టోబరు 15న మొదలైన సంగం రేడియో అనుభవం ముఖ్యం. సినిమాకు పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ (1964), సెన్సార్ ధ్రువీకరణ వివరాలకు సీబీఎఫ్‌సీ సైటు చూడాలి. 2024 నవంబరులో ప్రసారభారతి వేవ్స్ అనే ఓటీటీని ప్రారంభించింది.

పని సరంజామా

శబ్దానికి ఆడాసిటీ, వీడియో ఎడిటింగ్‌కు డావించి రిజాల్వ్ ఉచిత రూపం, పుట అమరికకు స్క్రైబస్, గ్రాఫులకు డేటార్యాపర్, పటాలకు క్యూజీఐఎస్ ఉన్నాయి. స్క్రైబస్‌లో తెలుగు ఒత్తులు సరిగా కూర్చుంటున్నాయో లేదో ఒక పుట ముద్రించి చూసుకుని మొదలుపెట్టాలి. డావించికి మంచి కంప్యూటర్ కావాలి. పాత ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఫోన్‌లోని ఎడిటింగ్ యాప్ నయం.

హక్కులు, నియమాలు

ప్రెస్ కౌన్సిల్ పాత్రికేయ ప్రవర్తనా నియమావళి, ఫిర్యాదులపై దాని తీర్పులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. నియమావళి కంటే తీర్పులే ఎక్కువ నేర్పుతాయి. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షను అధ్యయనం, పరిశోధన, విమర్శ, వార్తా నివేదన కోసం న్యాయమైన వాడుకను అనుమతిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఫొటోకాపీ కేసులో ఢిల్లీ హైకోర్టు 2016 సెప్టెంబరు తీర్పు తరగతి గది అవసరాలకు అనుకూలంగా వచ్చింది. భారత్‌లో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్లవరకు హక్కు ఉంటుంది. ఆన్‌లైన్‌లో కనిపించినంత మాత్రాన ఫొటో ఉచితం కాదు. క్రియేటివ్ కామన్స్ గుర్తు ఉంటే దాని షరతు చదివి, తీసినవారి పేరు ఇచ్చి వాడుకోవాలి.

భద్రపరచుకోవడం

2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్‌పై సైబర్ దాడి జరిగి అది కొన్నిరోజులు మూతపడింది. ప్రభుత్వ సైట్ల చిరునామాలు తరచూ మారతాయి. ఆధారంగా తీసుకున్న ప్రతి పుటనూ దింపుకుని, తేదీ రాసి, వేబ్యాక్ మెషిన్‌లో కూడా భద్రపరచాలి. ప్రాజెక్టు మౌఖిక పరీక్షనాటికి లింకు పనిచేయకపోతే చూపించడానికి చేతిలో ఏమీ మిగలదు.

గమనిక

అనకాపల్లి జిల్లాపై 2022కు ముందరి లెక్కలు, 2011 జనగణన పట్టికలు, పాత పత్రికల జిల్లా పుటలు అన్నీ విశాఖపట్నం జిల్లా పేరు కిందే ఉంటాయి. జిల్లా పేరుతో వెతికి ఏమీ లేదనుకోకుండా, విశాఖపట్నం కింద మండలం పేరుతో వెతకాలి.